వీఎంసీ ప్రోగ్రాంలో ఫీడ్ పెంచడం: టూల్ విరగకుండా సైకిల్ టైమ్ తగ్గించే పద్ధతి

వీఎంసీ (ప్రోగ్రాం ప్రకారం మెటల్‌ని కోసే నిలువు స్పిండిల్ మెషిన్) మీద సైకిల్ టైమ్, అంటే ఒక్కో జాబ్‌కి పట్టే సమయం, తగ్గించాలన్న ఒత్తిడి రాగానే చాలా షాపుల్లో జరిగేది ఒక్కటే. ఫీడ్‌ని, అంటే టూల్ మెటల్‌లో ముందుకు సాగే వేగాన్ని, శాతాల్లో పెంచి తగ్గించే ఓవర్‌రైడ్ నాబ్‌ని 100 నుంచి 130కి తిప్పేస్తారు. తిన్నగా సాగే కోతలో ఇబ్బంది కనిపించదు. పాకెట్ (జాబ్‌లో కోసే గుంట) మూల రాగానే ఎండ్ మిల్ (కోసే టూల్) విరుగుతుంది. ఆ భయంతో మర్నాడు నాబ్‌ని 60కి దించుతారు, అప్పుడు టూల్ కోయడం మానేసి రుద్దుతుంది, వేడెక్కుతుంది, అంచు త్వరగా అరిగిపోతుంది. ఈ రెండు నష్టాలూ ప్రోగ్రాం మొత్తానికి ఒకే ఫీడ్ పెట్టడం వల్ల వచ్చినవే. టూల్ మీద భారం తక్కువగా ఉన్నచోట ఫీడ్ పెంచాలి, ఎక్కువగా ఉన్నచోట తగ్గించాలి. రోజంతా నడిచే ప్రోగ్రాంలో భారం ఎంత సమంగా ఉంటే టూల్ అంత కాలం నిలుస్తుంది, సమయమూ కలిసొస్తుంది.

ఉదాహరణగా ఒకే పనిని చివరిదాకా తీసుకుందాం. బాలానగర్, జీడిమెట్ల, గాజువాక ఆటోనగర్ షెడ్లలో రోజూ నడిచే ఈఎన్8 (మధ్యస్థ కార్బన్) స్టీలు, కోటింగ్ ఉన్న 12 మి.మీ. సాలిడ్ కార్బైడ్ ఎండ్ మిల్, 4 ఫ్లూట్లు (కోసే పళ్లు), బీటీ40 సైజు టూల్ హోల్డర్ పట్టే స్పిండిల్ ఉన్న వీఎంసీ, ఫానక్ కంపెనీ కంట్రోల్. వేరే మెటీరియల్, వేరే టూల్ అయితే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందు లెక్క

ఫీడ్ రేటు అంటే నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు అన్నది మెషిన్‌కి కావాల్సిన అంకె. టూల్‌కి తెలిసింది మాత్రం ఒక్కో పన్ను ఎంత మందం చిప్ తీస్తోందన్నదే. కాబట్టి పంటికి ఎంత ఫీడ్ అన్న దగ్గర మొదలుపెట్టండి.

స్పిండిల్ వేగం = కటింగ్ స్పీడ్ × 1000 ÷ (3.14 × టూల్ డయా, అంటే వ్యాసం). కటింగ్ స్పీడ్ నిమిషానికి 120 మీటర్లు తీసుకుంటే సుమారు 3,185 వస్తుంది, 3,200 ఆర్‌పీఎం పెట్టుకుందాం. ఫీడ్ = ఆర్‌పీఎం × ఫ్లూట్ల సంఖ్య × పంటికి ఫీడ్. పంటికి 0.06 మి.మీ. అనుకుంటే 3,200 × 4 × 0.06 = 768. పూర్తి వెడల్పుతో స్లాట్ కోసేటప్పుడు టూల్ సగం చుట్టూ మెటల్‌లోనే ఉంటుంది, చిప్ బయటికి రావడానికి దారి ఇరుకు. అక్కడ పంటికి 0.04కి దిగి, లోతు 6 మి.మీ. దగ్గర ఆపాలి. ఫీడ్ 512 అవుతుంది. టూల్ తయారీదారు కేటలాగులో మీ టూల్ నంబరుకి ఇచ్చిన విలువలుంటే వాటినే వాడండి. అందులో ఒక పరిధి ఇస్తారు, మొదటి జాబ్‌కి కింది సగంలో మొదలుపెట్టడం మంచిది.

ఇప్పుడు మీ పాత ప్రోగ్రాం తెరిచి, అందులో ఉన్న ఎఫ్ (ఫీడ్) విలువను ఆర్‌పీఎంతోనూ ఫ్లూట్లతోనూ భాగించి చూడండి. పంటికి 0.015 వచ్చిందంటే ఆ ప్రోగ్రాం నెమ్మదిగా ఉండటమే కాదు, టూల్‌ని పాడుచేస్తోంది కూడా. కార్బైడ్ అంచు ఎంత పదునుగా ఉన్నా దానికి కొద్దిపాటి గుండ్రటి మొన ఉంటుంది. చిప్ మందం దానికంటే తగ్గితే అంచు మెటల్‌ని కోయదు, నొక్కుకుంటూ పోతుంది. ఎస్ఎస్304 స్టెయిన్‌లెస్ స్టీలు లాంటి మెటీరియల్‌లో ఇది మరీ చెడ్డది, రుద్దిన చోట పైపొర గట్టిపడి తర్వాతి పన్నుకి ఇంకా కష్టమవుతుంది. ఫీడ్ తగ్గిస్తే ఎప్పుడూ క్షేమమే అనే నమ్మకం ఇక్కడే తప్పుతుంది.

ఫీడ్ ముట్టుకోకముందు మెషిన్ దగ్గర చూడాల్సినవి

లివర్ డయల్‌తో టూల్ రనౌట్ (తిరిగేటప్పుడు మధ్యరేఖ నుంచి పక్కకి ఊగడం) కొలవండి. టూల్‌ని పట్టి ఉంచే కొలెట్ దగ్గర కాదు, ఫ్లూట్ల పైన షాంక్ (టూల్ గుండ్రటి కాడ) మీద, వీలైనంత కిందికి. రెండు ఫ్లూట్ల టూల్‌కి 0.02 రనౌట్ ఉంటే, పంటికి 0.06 అని మీరు రాసినా నిజానికి ఒక పన్ను 0.08, రెండోది 0.04 తీస్తుంది. ఎక్కువ తీసే పన్ను ముందు చిట్లుతుంది, తర్వాత ఆ భారం మిగతావాటి మీద పడుతుంది. 0.02 దాటితే కొలెట్ తీసి, నట్‌లోనూ టేపర్‌లోనూ ఇరుక్కున్న చిప్స్ తుడిచి మళ్లీ బిగించండి. అప్పటికీ తగ్గకపోతే కొలెట్ మార్చాలి. అరిగిపోయిన కొలెట్‌తో ఫీడ్ సవరించే ప్రయత్నం వృథా.

టూల్ ఎంత బయటికి వేలాడుతోందో చూడండి. వంపు వేలాడే పొడవు ఘనంతో పెరుగుతుంది. 30 మి.మీ. బదులు 45 మి.మీ. బయటికి తీస్తే అదే బలానికి వంపు దాదాపు 3.4 రెట్లు. జాబ్ లోతుకి కావాల్సినంత, దానిపైన నాలుగైదు మి.మీ. మాత్రమే ఉంచండి. పొడవు తగ్గించడం వల్ల వచ్చే లాభం ఏ ఫీడ్ లెక్కతోనూ రాదు. ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చకుండానే ఇది దక్కుతుంది కాబట్టి మొదట దీని సంగతే చూడాలి.

జాబ్ బిగింపు కూడా అంతే ముఖ్యం. వైస్‌లో 3 మి.మీ. మాత్రమే పట్టుకుని ఉన్న జాబ్ మీద ఫీడ్ పెంచితే టూల్ కంటే ముందు జాబే లేచిపోతుంది. ప్యారలల్స్ (జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) చేత్తో కదిలితే బిగింపు చాలలేదని అర్థం.

ఎక్కడ పెంచవచ్చు: పక్క కోత

ఎక్కువ మంది వదిలేసే లాభం ఇది. టూల్ తన డయాలో సగం కంటే తక్కువ వెడల్పు తీస్తున్నప్పుడు, చిప్ నిజమైన మందం మీరు రాసిన పంటి ఫీడ్ కంటే తక్కువగా ఉంటుంది. స్టెప్‌ఓవర్ (పక్కకి తీసే వెడల్పు) ఎంత సన్నగా ఉంటే చిప్ అంత పలచబడుతుంది. 12 మి.మీ. టూల్‌తో 1.2 మి.మీ. స్టెప్‌ఓవర్, అంటే డయాలో 10 శాతం తీసుకుంటే, చిప్ గరిష్ఠ మందం రాసిన ఫీడ్‌లో 0.6 వంతే. 0.06 మందం రావాలంటే పంటికి 0.10 రాయాలి. ఫీడ్ 3,200 × 4 × 0.10 = 1,280 అవుతుంది.

గుర్తుంచుకోవడానికి: స్టెప్‌ఓవర్ డయాలో 20 శాతం అయితే ఫీడ్‌ని 1.25తో గుణించండి, 10 శాతం అయితే 1.67తో, 5 శాతం అయితే 2.3తో. 50 శాతం, ఆపైన గుణకం 1, అక్కడ పెంచడానికేమీ లేదు.

స్లాట్‌తో పోల్చి చూడండి. స్లాట్‌లో 12 వెడల్పు, 6 లోతు, 512 ఫీడ్ అంటే నిమిషానికి సుమారు 37 ఘన సెం.మీ. మెటల్. పక్క కోతలో 1.2 వెడల్పు, 24 లోతు, 1,280 ఫీడ్ అన్నా అదే 37. స్పిండిల్ మీద పడే పవర్ రెండింటికీ కాస్త అటూఇటుగా ఒకటిన్నర కిలోవాట్. కానీ మొదటిదాంట్లో టూల్ కింది 6 మి.మీ. అంచే అరుగుతుంది. రెండోదాంట్లో అరుగుదల 24 మి.మీ. అంచు పొడవునా పంచుకుంటుంది, ప్రతి పన్నూ ఎక్కువసేపు గాలిలో ఉండి చల్లబడుతుంది. అయితే ఈ రెండో పద్ధతికి టూల్‌పాత్ మూలల్లో గుండ్రంగా తిరిగేలా ఉండాలి. లేకపోతే జరిగేది ఇదీ.

ఎక్కడ తగ్గించాలి: మూలలు, ప్రవేశం

1.2 మి.మీ. పక్క కోతలో టూల్ చుట్టుకొలతలో సుమారు 37 డిగ్రీలే మెటల్‌కి తగులుతుంది. అదే టూల్ 90 డిగ్రీల లోపలి మూలకి చేరేసరికి ముందున్న గోడ కూడా తగులుతుంది, ఆ కోణం 127 డిగ్రీలకి ఎగబాకుతుంది. రెప్పపాటులో మూడు రెట్లు దాటిన భారం. నాబ్ తిప్పి అంతటా సమంగా పెంచిన ఫీడ్ ఇక్కడే టూల్‌ని విరుస్తుంది. మీరు తిన్నటి కోతలో చూసిన లోడ్ మీటర్ (స్పిండిల్ మీద భారం శాతం) ఈ క్షణాన్ని సరిగ్గా చూపించదు కూడా, దాని స్పందన అంత వేగంగా ఉండదు.

ముందటి కోత మూలలో వదిలిన గుండ్రటి మెటల్ వల్ల, భారం పెరగడం టూల్ సెంటర్ మూల బిందువుకి చేరకముందే మొదలవుతుంది, మన ఉదాహరణలో దాదాపు 4.8 మి.మీ. ముందు. కాబట్టి మూలకి 5, 6 మి.మీ. ముందే బ్లాక్‌ని (ప్రోగ్రాం లైనుని) విడగొట్టి తక్కువ ఫీడ్ ఇవ్వండి, మూల దాటి అంతే దూరం వెళ్లాక మళ్లీ పెంచండి. 12 మి.మీ. లోతు వరకూ 1,280 బదులు 400 దగ్గర మొదలుపెట్టవచ్చు. 24 మి.మీ. లోతులో మాత్రం ఫీడ్ తగ్గించినా టూల్ దక్కుతుందనే భరోసా లేదు. అక్కడ పాత్ మార్చాల్సిందే: క్యామ్‌లో (టూల్‌పాత్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) అడాప్టివ్ లేదా ట్రోకోయిడల్ పాత్, అంటే భారం సమంగా ఉండేలా గుండ్రంగా తిరిగే దారి, తీసుకోండి, లేదా మూల వ్యాసార్థం కంటే చిన్న టూల్‌తో ఆ మూలని విడిగా కోయండి.

గుండ్రటి లోపలి మూలల్లో ఇంకో సంగతి ఉంది. కంట్రోల్ మామూలుగా ఎఫ్ విలువను టూల్ సెంటర్‌కి వర్తింపజేస్తుంది. సెంటర్ చిన్న వలయంలో తిరుగుతుంటే కోసే అంచు పెద్ద వలయంలో, అంతకంటే వేగంగా పోతుంది. సవరణ సులువు: ఫీడ్ × (మూల వ్యాసార్థం − టూల్ వ్యాసార్థం) ÷ మూల వ్యాసార్థం. ఆర్10 మూల, 12 మి.మీ. టూల్ అయితే 4 ÷ 10, అంటే 1,280 కాస్తా 512 అవుతుంది. బయటి వలయంలో ఇదే లెక్క తిరగబడి ఫీడ్ పెంచమంటుంది. ఫినిషింగ్‌లో (చివరి నున్నటి కోతలో) పెంచండి, రఫింగ్‌లో (మొదటి ముతక కోతలో) అలాగే వదిలేయండి, మిగిలేది కొద్ది సెకన్లే.

ఫానక్‌లో జి62 అనే ఆటోమేటిక్ కార్నర్ ఓవర్‌రైడ్ ఉంది. అది ఆప్షన్, అన్ని మెషిన్లలో ఉండదు. ఉన్నా జి41 లేదా జి42 (టూల్ వ్యాసార్థాన్ని కంట్రోలే సవరించే కోడ్‌లు) నడుస్తున్నప్పుడే పనిచేస్తుంది. క్యామ్ నుంచి సెంటర్‌లైన్ పాత్‌గా వచ్చిన ప్రోగ్రాంలో అది ఉన్నా లేనట్టే.

మెటల్‌లోకి దిగేటప్పుడు నిటారుగా దింపకండి. కొన్ని 4 ఫ్లూట్ల టూల్స్ మధ్యలో కోయవు. స్టీలులో 2 డిగ్రీల హెలికల్ ర్యాంప్ (గుండ్రంగా తిరుగుతూ ఏటవాలుగా దిగడం), స్లాట్ ఫీడ్‌లో సగం, అంటే 250 దగ్గర ఉంటే సరిపోతుంది. పక్కనుంచి ప్రవేశించేటప్పుడు తిన్నగా గుద్దకుండా చిన్న వలయంతో లోపలికి తీసుకెళ్లండి.

ప్రోగ్రాంలో మార్పు రాసేటప్పుడు

మెమరీలో ఉన్న అసలు ప్రోగ్రాంని ఎప్పుడూ దిద్దకండి. ఓ1001ని ఓ1002గా కాపీ చేసి దాంట్లో మార్చండి, మొదటి లైనులో తేదీ, టూల్, మార్చిన కారణం కామెంట్‌గా రాయండి.

ఎఫ్ అనేది మోడల్, అంటే కొనసాగే విలువ. ఒకసారి రాస్తే మళ్లీ మార్చేదాకా అదే నడుస్తుంది. గాలిలో వేగంగా వెళ్లడానికి ఎఫ్5000 రాసి, తర్వాతి కోత బ్లాకులో ఎఫ్ రాయడం మర్చిపోతే టూల్ 5,000తోనే మెటల్‌లోకి దూరుతుంది. ఫీడ్ సవరణల్లో అన్నిటికంటే ప్రమాదమైన తప్పు ఇదే. దీనికి మందు: ఫీడ్ మారే ప్రతి చోటా, గాలి నుంచి కోతలోకి వచ్చే ప్రతి బ్లాకులో ఎఫ్‌ని విడిగా రాయండి, ఒకే విలువ మళ్లీ రాయాల్సొచ్చినా సరే.

ఫైండ్-రీప్లేస్‌తో ఫీడ్లన్నీ 20 శాతం పెంచేయాలనిపిస్తుంది. వద్దు. ట్యాపింగ్ ఫీడ్ మన ఇష్టం కాదు, అది ఆర్‌పీఎం × పిచ్. ఎం10 × 1.5 ట్యాప్ 300 ఆర్‌పీఎంలో నడిస్తే ఎఫ్450 మాత్రమే ఉండాలి. అది 540 అయిందంటే పిచ్ తప్పి ట్యాప్ రంధ్రంలోనే విరుగుతుంది. పైగా ట్యాపింగ్ సైకిల్ నడిచేటప్పుడు ఫీడ్ ఓవర్‌రైడ్ పనిచేయదు, కాబట్టి నాబ్‌తో కాపాడుకునే వీలూ లేదు. స్పీడ్ మారిస్తే ఫీడ్‌ని కూడా అదే నిష్పత్తిలో మార్చాలి.

జి94 (నిమిషానికి ఫీడ్), జి95 తేడా కూడా చూసుకోండి. జి95లో ఎఫ్ అంటే ఒక్క చుట్టుకి ఎంత అని. అక్కడ ఎఫ్0.2 ఉండాల్సిన చోట ఎఫ్700 పడితే, మెషిన్ తన గరిష్ఠ ఫీడ్‌కి పరుగెత్తవచ్చు.

మాక్రో ఆప్షన్ ఉన్న మెషిన్‌లో ఫీడ్లని వేరియబుల్స్‌గా పెట్టుకోవడం చాలా మేలు. ప్రోగ్రాం మొదట్లో #101=512 స్లాట్‌కి, #102=1280 పక్క కోతకి, #103=400 మూలకి, #104=250 ర్యాంప్‌కి అని రాసి, లోపల ఎఫ్#102 అన్నట్టు వాడండి. తర్వాత ఒక్కచోట మారిస్తే అంతటా మారుతుంది, ట్యాప్ ఫీడ్లకి ఏమీ కాదు. ఒక జాగ్రత్త: #100 వరస విలువలు మామూలుగా పవర్ ఆఫ్ చేస్తే పోతాయి. ఖాళీ వేరియబుల్‌ని ఎఫ్ తర్వాత పిలిస్తే కంట్రోల్ ఆ ఎఫ్‌ని పట్టించుకోకుండా పాత ఫీడ్‌తోనే నడుస్తుంది. అందుకే ఆ నాలుగు లైన్లు ప్రోగ్రాం లోపలే ఉండాలి. మధ్యలోంచి మొదలుపెట్టే ఆపరేటర్ వాటిని దాటేయకుండా చూసుకోవాలి.

మెటల్ తగలని కదలికల్లో కలిసొచ్చే సమయం మీద టూల్ ఖర్చు ఉండదు. ప్రతి రంధ్రానికీ 50 మి.మీ. పైకి లేచే చోట జి99తో ఆర్ ప్లేన్ (రంధ్రాల మధ్య టూల్ లేచే ఎత్తు) 3 మి.మీ. పెట్టండి, మధ్యలో క్లాంప్ ఉన్నచోట మాత్రం జి98తో పైకి లేపండి. పాకెట్ లోపల ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడానికి జి00 (రాపిడ్, మెషిన్ పూర్తి వేగం) కంటే ఎఫ్5000తో జి01 (ఫీడ్‌తో సరళరేఖ కదలిక) మంచిది. చాలా మెషిన్లలో జి00 సరళరేఖలో పోదు. ఒక యాక్సిస్ ముందే చేరి, దారి మోకాలు వంచినట్టు విరుగుతుంది, టూల్ గోడనో క్లాంప్‌నో తగులుతుంది.

ట్రయల్

మొదట గాలిలో నడపండి. వర్క్ ఆఫ్‌సెట్ పేజీలో ఈఎక్స్‌టీ జడ్‌కి (అన్ని ఆఫ్‌సెట్లకీ కలిసే ఎత్తు విలువకి) జాబ్ మందాన్ని బట్టి 50 లేదా 100 మి.మీ. కలిపి, అసలు ఫీడ్లతోనే ప్రోగ్రాం అంతా నడవనివ్వండి. డ్రై రన్ స్విచ్ వాడితే ఈ పరీక్ష జరగదు, ఎందుకంటే డ్రై రన్‌లో కంట్రోల్ ప్రోగ్రాంలోని ఎఫ్‌ని వదిలేసి జాగ్ ఫీడ్‌తో నడుస్తుంది. అదే కారణంగా మెటల్‌లో ఉండగా డ్రై రన్ ఎన్నడూ వేయకూడదు. పరీక్ష అయ్యాక ఈఎక్స్‌టీ విలువని సున్నా చేశారా లేదా అన్నది ఇంకొకరి చేత చూపించుకోండి.

మెటల్‌లో మొదటి జాబ్‌కి రాపిడ్ 25 శాతం, సింగిల్ బ్లాక్ (ఒక్కో లైనుకి ఆగడం) ఆన్, చెయ్యి ఫీడ్ హోల్డ్ బటన్ మీద. టూల్ దిగేటప్పుడు స్క్రీన్ మీద మిగిలిన దూరాన్ని కంటితో చూసే దూరంతో పోల్చండి. కోత మొదలయ్యాక సింగిల్ బ్లాక్ తీసేయండి. బ్లాక్ బ్లాక్‌కీ ఆగితే టూల్ ఒకేచోట రుద్దుతుంది, లోడ్ మీటర్ అంకెలు కూడా అబద్ధం చెబుతాయి. ఫీడ్ హోల్డ్ యాక్సిస్‌లనే ఆపుతుంది, స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది. తలుపు తెరిచే ముందు స్పిండిల్ ఆగిందని చూసుకోవాలి.

కొత్త ఫీడ్లో 80 శాతంతో మొదలుపెట్టి, ఒక్కో జాబ్‌కి 10 చొప్పున 100కి తీసుకురండి. ఆపైన పెంచాలనుకుంటే 110, 120 నాబ్‌తో చూసి, బాగుంటే ఆ విలువని ప్రోగ్రాంలోకి రాసి, వెంటనే నాబ్‌ని 100కి తిప్పండి. 120 శాతాన్ని ప్రోగ్రాంలో రాసేసి నాబ్‌ని కూడా 120 మీదే వదిలేస్తే నడిచేది 144 శాతం. షిఫ్ట్ మారే సమయంలో ఇది సులువుగా జరుగుతుంది. నాబ్ 100 దగ్గర ఉండాలన్న మాట మెషిన్ మీద అంటించి పెట్టడం చిన్న పనే.

దేన్ని చూసి నమ్మాలి

లోడ్ మీటర్‌ని కొత్త టూల్‌తో చూసి రాసిపెట్టుకోండి. కొత్త టూల్‌తోనే 70 శాతం దాటుతుంటే అక్కడితో ఆగాలి. అదే టూల్ అరిగాక అదే ఫీడ్‌కి లోడ్ ఇంకా పెరుగుతుంది, ఆ పెరుగుదలకి చోటుండాలి. పెద్ద ఫేస్ మిల్లులతో ఇంకో చిక్కు ఉంది. స్పిండిల్ మోటారు పూర్తి పవర్ ఒక బేస్ స్పీడ్ పైనే ఇస్తుంది. 5.5 కిలోవాట్ మోటారు బేస్ స్పీడ్ 1,500 అయితే, 63 మి.మీ. ఫేస్ మిల్లుని 900 ఆర్‌పీఎంలో తిప్పినప్పుడు దొరికేది 3.3 కిలోవాట్లే. అక్కడ ఫీడ్ పెంచితే స్పిండిల్ నిలబడిపోయి ఇన్సర్ట్లన్నీ (మార్చగల కోత ముక్కలన్నీ) ఒకేసారి పోతాయి.

మెషిన్ ఆగాక, చిప్‌ని బ్రష్‌తో బయటికి తీసి చూడండి. ఒకే మందంతో, తెగిన అంచులతో ఉంటే కోత సరిగ్గా ఉంది. పొడిలాగా, చింపిరిగా వస్తే టూల్ రుద్దుతోంది. కూలెంట్ లేకుండా కోటెడ్ కార్బైడ్‌తో ఈఎన్8లో లేత నీలం చిప్ మామూలే. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూల్‌తో నీలం చిప్ వస్తే మాత్రం స్పీడ్ ఎక్కువైంది.

కీచుమనే శబ్దంతో, గోడ మీద అలల గుర్తులతో చాటర్ (టూల్ కంపించడం) వస్తే వెంటనే ఫీడ్ తగ్గించాలనిపిస్తుంది. ముందు ఆర్‌పీఎంని 10 శాతం అటూఇటూ మార్చి చూడండి, ఫీడ్‌ని అదే నిష్పత్తిలో సరిచేయండి. చాటర్ ఎక్కువసార్లు వేగంతో, వేలాడే పొడవుతో, లోతుతో ముడిపడి ఉంటుంది. ఫీడ్ బాగా తగ్గిస్తే రుద్దడం పెరిగి శబ్దం ఇంకా ఎక్కువవుతుంది.

3డీ సర్ఫేస్ ఫినిషింగ్‌లో ఎఫ్ పెంచినా సమయం తగ్గకపోతే స్క్రీన్ మీద అసలు ఫీడ్ ఎంత నడుస్తోందో చూడండి. 0.1 మి.మీ. బ్లాకులతో 3,000 ఫీడ్ నడవాలంటే కంట్రోల్ సెకనుకి 500 బ్లాకులు చదవాలి. చదవలేకపోతే మెషిన్ కుదుపులతో నడుస్తుంది, ఉపరితలం మీద గుర్తులు పడతాయి. ఎఫ్ ఎంత పెంచినా ఉపయోగం ఉండదు. క్యామ్ టాలరెన్స్ కాస్త వదులు చేసి బ్లాకులు తగ్గించండి, లేదా మెషిన్‌లో ఉంటే జి05.1 క్యూ1తో లుక్-అహెడ్ (రాబోయే బ్లాకులని ముందే చదవడం) ఆన్ చేయండి.

ఎంత శ్రమకి ఎంత ఫలితమో ముందే లెక్కేసుకోవాలి. 12 నిమిషాల సైకిల్‌లో రఫింగ్ 5 నిమిషాలైతే, దాని ఫీడ్ 20 శాతం పెంచితే మిగిలేది 50 సెకన్లు. దానికోసం టూల్ 40 జాబ్‌ల బదులు 25కే పోతుంటే, కొత్త టూల్ ధర, టూల్ మార్చి ఆఫ్‌సెట్ పెట్టే సమయం కలిపి చూడండి. నష్టమని తేలితే పాత ఫీడ్‌కి వెనక్కి రావడమే సరైన నిర్ణయం. నిలకడగా నడిచిన విలువలు దొరికాక సెటప్ షీట్‌లో టూల్ నంబరు, వేలాడే పొడవు, రనౌట్, ఆర్‌పీఎం, నాలుగు ఫీడ్లు, కొత్త టూల్ లోడ్ శాతం, ఎన్ని జాబ్‌లకి టూల్ మార్చాలో రాసి పెట్టండి. వేలాడే పొడవు గాని, టూల్ బ్రాండ్ గాని, బార్ బ్యాచ్ గాని మారిన రోజు మళ్లీ 80 శాతంతోనే మొదలుపెట్టాలి.